పాపకు కథలు వినడం ఇష్టం, చెప్పమంటే మాత్రం "అంతే" అంటుంది. ఎలా చెప్పించాలి?

పాలపిట్ట (హనుమకొండ)
ఆదివారం, రాత్రి 10:20

అందరికీ నమస్తే. మా పాపకు వచ్చే నెల ఐదేళ్లు నిండుతాయి. రాత్రి కథ లేనిదే పడుకోదు. ఏడు చేపల కథ, కోతి–మొసలి కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కే లేదు. నేను ఒక్క ముక్క మార్చినా "అట్ల కాదు" అని పట్టుకుంటుంది. అంటే కథంతా దానికి తెలుసు. కానీ "ఇప్పుడు నువ్వు చెప్పు" అంటే "ఒక రాజు ఉండె. చేప ఎండలె. అంతే" అని దుప్పటి కప్పేసుకుంటుంది.

పోయిన నెల బడిలో స్టోరీ టెల్లింగ్ పోటీ పెట్టారు. ఇంగ్లిష్‌లో ఒక పేరా రాసిచ్చి నేర్పించి పంపమన్నారు. పది రోజులు కూర్చోబెట్టి బట్టీ పట్టించాను. స్టేజీ మీద మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. కింద నుంచి నేను పెదాలు కదుపుతూ మాటలు అందిస్తూనే ఉన్నాను. తను మైకు పట్టుకుని నావైపే చూస్తూ నిలబడింది. ఆ చూపు నేను మరిచిపోలేకపోతున్నాను. అప్పటినుంచి "కథ చెప్పు" అన్న మాట వింటేనే ముడుచుకుపోతోంది.

నాకు బహుమతులు అక్కర్లేదు. తనకు జరిగింది, తనకు తోచింది నోరారా చెప్పుకోగలిగితే చాలు. మొన్న మోచేయి గీరుకుని వచ్చింది. ఎలా తగిలిందంటే "పడ్డ". ఎక్కడంటే "బడిల". ఎవరైనా తోశారా అంటే మౌనం. రాత్రంతా నాకు టెన్షన్. ఇంట్లో రోజూ ఏం చేస్తే బాగుంటుందో తెలిసినవాళ్లు చెప్పండి.

వేపచెట్టు (రేపల్లె)
ఆదివారం, రాత్రి 11:05

అమ్మా, ముప్పై రెండేళ్లు ప్రాథమిక బడుల్లో పనిచేసి రిటైరయ్యాను. ముందుగా ఒక మాట. పాపకు కథ రాక కాదు. వినేటప్పుడు కథ తాడు మీ చేతిలో ఉంటుంది, పాప వెంట నడిస్తే చాలు. చెప్పేటప్పుడు ఆ తాడు తనే పట్టుకోవాలి. ఎవరున్నారు, ఏం జరిగింది, తర్వాత ఏమిటి, దాన్ని ఏ మాటతో చెప్పాలి, ఎదుటివాళ్లకు తెలుస్తోందా లేదా, ఇవన్నీ ఒకేసారి. ఐదేళ్ల బిడ్డకు అది చాలా పెద్ద పని.

ఇంకో సంగతి అడుగుతాను. మీ ఇంట్లో ఊ కొట్టేది ఎవరు?

మా నాయనమ్మ ఊ కొట్టకపోతే కథ ఆపేసేది. మేం నిద్రపోయామో లేదో చూడ్డానికని అనుకునేవాణ్ణి. బళ్లో చేరి పిల్లల చేత కథలు చెప్పించడం మొదలుపెట్టాక అర్థమైంది, ఆ ఊ లేకపోతే చెప్పే మనిషికే నోరు రాదని. ఊ అంటే వింటున్నాను, తొందరేం లేదు, సాగనీ అని. అదే మనం పిల్లలు చెప్పేటప్పుడు ఏం చేస్తాం? "తర్వాత? తర్వాత ఏమైంది? రాజుకు ఎంతమంది కొడుకులు? చెప్పు చెప్పు" అంటాం. అది వెనకనుంచి నెట్టడం. పాప ఒక వాక్యం చెప్పి ఆగితే మీరు ఊ అని ఊరుకోండి. మనసులో పది లెక్కపెట్టండి. చాలాసార్లు ఆ పది అయ్యేలోపే రెండో వాక్యం వస్తుంది.

ఏడు చేపల కథ తనకు బాగా వచ్చు అన్నారు కదా, ఆ కథను చెప్పమనకండి. ఆడించండి. పాప చేప, మీరు రాజుగారి కొడుకు.

"చేపా చేపా, ఎందుకు ఎండలేదు?"
"గడ్డిమేటు అడ్డమొచ్చింది."
"గడ్డిమేటా గడ్డిమేటా, ఎందుకు అడ్డమొచ్చావు?"
"ఆవు మేయలేదు."

చూడండి, ప్రతి ప్రశ్నా వెనకటి జవాబులోని మాటనే పట్టుకుని వస్తుంది. బిడ్డ కథంతా గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఒక్క జవాబు చాలు. నాలుగు రోజులు అలా ఆడాక మార్చుకోండి, ప్రశ్నలు పాపవి, జవాబులు మీవి. ప్రశ్నలు అడగడం వచ్చిందంటే కథ నడపడం వచ్చినట్టే. ఎన్ని తరాల పెద్దవాళ్లు చెప్పి చెప్పి ఈ కథను ఇంత నున్నగా చేశారో. దీనికి మించిన మొదటి పాఠం నాకు కనబడలేదు.

గోరుముద్ద (విజయవాడ)
ఆదివారం, రాత్రి 11:31

మాదీ ఇదే సమస్య, మా బాబుకు నాలుగున్నర. ఈ చర్చ చూస్తూ ఉంటాను.

ఏడు చేపల కథ అనగానే మా అమ్మమ్మ గుర్తొచ్చింది మాస్టారూ. మా ఇంట్లో ఆవు మేయకపోవడానికి కారణం పాలేరు మేపకపోవడం, పాలేరు మేపకపోవడానికి కారణం అవ్వ బువ్వ పెట్టకపోవడం. చివర "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా!" అంటూ నిజంగానే గిల్లేది. గిల్లు ఎక్కడ పడుతుందోనని ముందునుంచీ చేతులు దాచుకునేవాళ్లం. మీ వైపు పాలేరా, గొల్లవాడా?

వేపచెట్టు (రేపల్లె)
ఆదివారం, రాత్రి 11:40

మా వైపు గొల్లవాడు. బడికొక తీరు ఉండేది. నేను మాత్రం ఏదీ దిద్దలేదు.

మాటల_మూట (హైదరాబాద్)
సోమవారం, ఉదయం 7:15

నేను స్పీచ్ థెరపిస్టును, పదకొండేళ్లుగా పిల్లలతోనే పని. పాలపిట్ట గారూ, మీరు కంగారు పడుతున్నట్టున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మూడేళ్ల పిల్లలు రెండు సంగతులు కలిపితే గొప్ప: "కుక్క వచ్చింది. కరిచింది." నాలుగేళ్లకు సంగతులు పెరుగుతాయి కానీ గెంతుతూ చెబుతారు. మధ్యలోవి వదిలేస్తారు, "వాడు" అంటే ఎవరో మనకు తెలియదు. ఐదేళ్ల దగ్గర వరస కుదురుతుంది. అయితే కథ మంచి పట్టులో ఉండగా టక్కున ఆపేస్తారు, ముగింపు ఉండదు. ఆరేళ్లకు అటూఇటూగా ముగింపు దాకా వస్తారు. ఇది ఉజ్జాయింపు మాత్రమే, పిల్లలందరూ ఒకేసారి ఒకే మెట్టెక్కరు. మీ పాప "చేప ఎండలె" అని ఆపడం ఆ వయసుకు వింతేమీ కాదు.

తెలుగులో నేను గమనించే గుర్తులు కొన్ని ఉన్నాయి. మొదట "అప్పుడు... అప్పుడు..." అని ఒకే దారంతో కుడతారు. తర్వాత "అందుకని", "కానీ", "ఇంతలో" వస్తాయి. "లేచి, పరిగెత్తి, ఎక్కి" అని పనులను గొలుసు కట్టడం వస్తుంది. "రాగానే", "చూస్తే" వస్తాయి. ఇంకొకటి నాకు భలే ఇష్టం: పిల్లలు కథలోకి దిగగానే "ఉన్నాడంట", "వెళ్లిందంట" అని ఆ "అంట" తగిలిస్తారు. ఇది నా మాట కాదు, కథ మాట అని వాళ్లకు తెలిసిపోయిందన్నమాట. ఎవరూ నేర్పరు, మన నోటినుంచి విని పట్టుకుంటారు.

మోచేయి సంగతి. ఎక్కడ, ఎవరు, ఎప్పుడు అని వరసగా అడిగితే పిల్లలకు అది విచారణలా ఉంటుంది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో మాట ఇచ్చి తప్పించుకుంటారు. దానికి బదులు మీరే చెప్పడం మొదలుపెట్టండి, అదీ తప్పుగా. "నీ గౌనుకు ఎర్రమట్టి అంటింది. నువ్వేమో బస్సు దిగుతూ పడ్డావంట. డ్రైవర్ అంకుల్ లేపాడంట..." మీ పాపకు మీ కథల్లో తప్పులు పట్టే అలవాటు ఉందని మీరే రాశారు. "అట్ల కాదు" అని లేస్తుంది చూడండి. ఆ "అట్ల కాదు" వెనకాలే అసలు కథ వస్తుంది. ఒక్క జాగ్రత్త: పాప నిజంగా భయపడుతోందనిపిస్తే, ఎవరైనా బాధపెడుతున్నారేమోనని అనుమానం ఉంటే ఈ ఆట వద్దు. మన ఊహ వాళ్ల నోట్లో పెట్టినట్టవుతుంది. దగ్గరికి తీసుకుని "ఏం జరిగిందో చెప్పు, నేను కోప్పడను" అని అడిగి ఆగండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి? నాలుగేళ్లు దాటినా బయటివాళ్లకు పిల్లల మాట చాలావరకు అర్థం కాకపోతే, ఐదేళ్లకు కూడా నాలుగైదు మాటల వాక్యం రాకపోతే, "చెప్పులు విడిచి, సంచి లోపల పెట్టు" లాంటి రెండు పనులు ఒకేసారి చెబితే అందుకోలేకపోతే, నత్తి వల్ల మాట బయటికి రాక మొహం బిగబడుతుంటే ఆలస్యం చేయకండి. చెవిలో చీము కారే పిల్లలకు ముందు వినికిడి పరీక్ష చేయించండి. చాలామంది ఇది వదిలేస్తారు.

తెప్పగట్టు (శ్రీకాకుళం జిల్లా)
సోమవారం, మధ్యాహ్నం 3:50

నేను అంగన్‌వాడీ టీచర్ని. మాది సముద్రపు ఒడ్డు ఊరు, కేంద్రంలో ఇరవై రెండు మంది. తండ్రులు చాలామంది వేటకు వెళ్లేవాళ్లే. మేం ఏం చేస్తామో చెబుతాను.

ఒక తాటాకు బుట్టలో ఒక గవ్వ, చింతగింజలు, కొబ్బరి చిప్ప, తెగిన వల ముక్క, అగ్గిపెట్టె, ఒక చిన్న గుడ్డబొమ్మ పెడతాను. రోజుకు ముగ్గురు మాత్రమే. ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకుని దాని కథ చెబుతారు. చేతిలో వస్తువు ఉంటే పిల్లల కళ్లు దాని మీద ఉంటాయి, మన మొహం మీద ఉండవు. సిగ్గు సగం అక్కడే పోతుంది.

వాళ్లు చెప్పింది చెప్పినట్టే నోటుబుక్కులో రాస్తాను. దిద్దను, కలపను. రాసింది చదివి వినిపిస్తే "ఆ, అదే" అని తలూపుతారు, లేదంటే ఇంకో మాట చేరుస్తారు. ఆ రోజే దాన్ని అందరం ఆడతాం. ఒక శిక్షణలో మా రిసోర్స్ పర్సన్ చెప్పారు, షికాగోలో వివియన్ పేలీ అనే కిండర్‌గార్టెన్ టీచర్ ఏళ్ల తరబడి ఇలాగే పిల్లలు చెప్పిన కథలు రాసుకుని, వాళ్ల చేతే ఆడించారని. నాకు అప్పటినుంచి ఈ అలవాటు.

ఒక బాబు గురించి చెప్పాలి. నాలుగేళ్లు. చేరిన నాలుగు నెలలూ నా దగ్గర నోరు విప్పలేదు. ఒకరోజు బుట్టలోంచి వల ముక్క తీసుకుని చాలాసేపు వేళ్లకు చుట్టుకుంటూ కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని ఏమీ అడగలేదు. తర్వాత తనే చెప్పాడు. నా బుక్కులో ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను:

"మా నాన్న తెప్ప మీద ఎల్లిపోనాడు. గాలొచ్చీసింది. పెద్ద అలొచ్చీసింది. నాన్న రాలేదు. అమ్మ ఏడిసింది. నాన్న వచ్చీసినాడు. చేప తెచ్చినాడు. నాను తినీసినాను."

ఎనిమిది వాక్యాలు. ఇందులో లేనిదేముందో చెప్పండి. ఆడేటప్పుడు అల ఎవరవుతారంటే ఏడుగురు చేతులెత్తారు. నా పాత చీర ఒకటి పట్టుకుని ఏడుగురూ అలయ్యారు. తను మాత్రం నాన్న అవ్వలేదు. గట్టు మీద నిలబడి చూసే పిల్లాడు అయ్యాడు. తెప్ప తిరిగొచ్చినప్పుడు పరిగెత్తుకెళ్లి నాన్నగా ఉన్న అమ్మాయి కాళ్లు పట్టేసుకున్నాడు. ఆ రోజునుంచి వాడు మాట్లాడుతున్నాడు.

"ఎల్లిపోనాడు కాదు, వెళ్లిపోయాడు" అని నేను మధ్యలో అని ఉంటే ఆ రెండో వాక్యం పుట్టేది కాదు.

పాలపిట్ట (హనుమకొండ)
సోమవారం, రాత్రి 9:48

తెప్పగట్టు గారూ, చదివి కళ్లు చెమర్చాయి. మీ చివరి మాట నాకు సూటిగా తగిలింది. మా పాప "పోయిండు" అంటే బడిలో "పోయిండు అనొద్దు, వెళ్లాడు అనాలి" అని ఆపుతున్నారట. ఇంట్లో నేను, వాళ్ల నాన్న, తాతయ్య అందరం పోయిండు అనే అంటాం. కథ చెప్పబోయి మధ్యలో ఆగి నా మొహం చూసేది అందుకేనేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

వేపచెట్టు (రేపల్లె)
సోమవారం, రాత్రి 10:10

ఇంటి మాటతోనే కథ రావాలమ్మా. రాతలో వాడే భాష రాత నేర్చుకునేటప్పుడు నేర్చుకుంటుంది. దానికి ఇంకా బోలెడు కాలం ఉంది. ఇంట్లో మీరు "పోయిండు" అనే చెప్పండి, ధైర్యంగా చెప్పండి.

దూరతీరం (డాలస్)
మంగళవారం, ఉదయం 6:30

మాటల_మూట గారికి ఒక ప్రశ్న. మా అబ్బాయికి ఆరేళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. కథ మొదలుపెడితే మాత్రం "నాన్నా, ఒక డైనోసార్ ఉండేది, అది వెరీ హంగ్రీ, సో అది కేవ్‌లోంచి జంప్ చేసి..." ఇలా సాగుతుంది. నేను, మా ఆవిడ ప్రతి ఇంగ్లిష్ మాట దగ్గరా ఆపి "తెలుగులో చెప్పు" అంటాం. రెండు నిమిషాల్లో "నెవర్ మైండ్" అని వెళ్లిపోతాడు. అలా వదిలేస్తే తెలుగు పోతుందేమోనని దిగులు. ఆపితే కథ పోతోంది.

మాటల_మూట (హైదరాబాద్)
మంగళవారం, సాయంత్రం 6:05

ఆపకండి. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు కలిపి మాట్లాడటం సహజం, అది లోపం కాదు. అతను "వెరీ హంగ్రీ" అంటే మీరు "అబ్బో, అంత ఆకలేసిందా! ఊ" అనండి. మాట అందించినట్టూ ఉంటుంది, కథ ఆగదు. నాలుగైదుసార్లు విన్నాక ఆ మాటే తన నోట వస్తుంది.

ఇంకోటి, తెలుగులో చెప్పాల్సిన అవసరం అతనికి నిజంగా ఉండాలి. మీ ఇద్దరికీ ఇంగ్లిష్ వచ్చని అతనికి తెలుసు. ఇంగ్లిష్ రాని మనిషి ఎవరైనా ఉన్నారా ఇంట్లో?

దూరతీరం (డాలస్)
మంగళవారం, ఉదయం 8:12 (డాలస్ సమయం)

మా అమ్మ ఉంది. తెనాలిలో. శనివారం పొద్దున ఇక్కడ ఎనిమిదికి చేస్తే అక్కడ సాయంత్రం ఆరున్నర. ఈ వారం చూస్తాను.

కచ్చితం (గుంటూరు)
మంగళవారం, రాత్రి 8:40

ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. పాలపిట్ట గారి పాప స్టేజీ మీద ఆగిపోయిన సంగతి చదివితే బట్టీ పట్టించడమే తప్పనిపిస్తుంది. మేం నాలుగేళ్లకే వేమన పద్యాలు, సుమతీ శతకం కంఠతా పట్టాం. నోరు తిరిగింది, గొంతు లేచింది, నలుగురిలో నిలబడే ధైర్యం వచ్చింది. మా అమ్మాయికీ అలాగే నేర్పాను, ఇప్పుడు గలగలా మాట్లాడుతుంది. పిల్లలకు కంఠస్థం వద్దనడం సరికాదు.

వేపచెట్టు (రేపల్లె)
మంగళవారం, రాత్రి 9:30

కచ్చితం గారూ, పద్యం విషయంలో మీతో నూరుపాళ్లూ ఏకీభవిస్తాను. పద్యం ఒకరి మాట, అక్షరం మారకూడదు, మారితే గణం చెడుతుంది. కథ అలా కాదు, ఎవరు చెబితే వారిది. ఒకే కథను మీ అమ్మగారు ఒకలా, మీ మేనత్త ఒకలా చెప్పి ఉంటారు. పిల్లల చేత పద్యాలు చదివించండి, పాడించండి. కథను మాత్రం పద్యంలా అప్పజెప్పమనకండి. మూడో వాక్యం మరిచిపోయిన బిడ్డ నాలుగో వాక్యానికి పోలేకపోవడం అందుకే. కథ తనదైతే మూడోది మరిచినా ఇంకో దారిన పోయేది.

కచ్చితం (గుంటూరు)
మంగళవారం, రాత్రి 9:52

ఈ తేడా ఒప్పుకుంటున్నాను మాస్టారూ.

డోలుదెబ్బ (సిద్దిపేట)
బుధవారం, ఉదయం 11:00

మా తాత ఒగ్గుకథ చెప్పేవారు. మల్లన్న కథ, బీరప్ప కథ రాత్రంతా నడిచేది. అక్కడ చిన్నపిల్లలు ఎలా నేర్చుకునేవారో చెబితే ఇక్కడ పనికొస్తుందనిపించింది.

ఏ పిల్లాడికీ ముందే కథ చెప్పమని ఇవ్వరు. మొదట వెనక నిలబడి తాళం వేయాలి. కథకుడు మాట ఆపినచోట "ఆఁ", "అయితే మరి?" అనాలి. ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ గొంతు పెంచుతాడో ఆ పక్కన నిలబడే తెలిసిపోతుంది. కొన్నాళ్లకు చిన్న వేషం, రెండు మాటలు. ముందుకొచ్చి కథ పట్టేసరికి ఏళ్లు గడుస్తాయి. బుర్రకథలోనూ అంతే, తంబుర పట్టుకున్న కథకుడికి అటూఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు ప్రశ్నలు వేస్తారు, ఒకరు నవ్విస్తారు, ఇద్దరూ కలిసి "తందాన తాన" అందుకుంటారు. అంత పేరున్న షేక్ నాజర్ గారి పక్కన కూడా వంతలు ఉండాల్సిందే. మన దగ్గర కథ ఎప్పుడూ ఒక్కడి పని కాదు. ఐదేళ్ల పాపను ఒంటరిగా మైకు ముందు నిలబెట్టడం నాకు మింగుడుపడటం లేదు.

పాలపిట్ట గారూ, మీరు చెప్పండి, పాపను వంత చేయండి. చేతికి రెండు గిన్నె మూతలు ఇవ్వండి. పులి వచ్చిందనగానే మూతలు మోగించాలి, తలుపు తట్టే చోట నేల మీద కొట్టాలి. వారం తిరక్కముందే "ఇప్పుడు నేను చెప్త, నువ్వు కొట్టు" అంటుంది.

ఇంకొకటి. మా జిల్లాలోనే చేర్యాల. అక్కడి నకాశీ పటాలు చూసే ఉంటారు, ఎర్రటి నేల మీద బొమ్మలు, అడ్డంగా వరసలు, పొడుగాటి గుడ్డ చుట్ట. కథ చెప్పేవాళ్లు దాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ చెబుతారు. నేను మా పిల్లలకు పాత క్యాలెండర్ కాగితాలు నాలుగు, వెనకవైపు తెల్లగా ఉన్నవి, పొడుగ్గా అంటించి ఇచ్చాను. ఒక్కో కాగితం మీద ఒక్కో బొమ్మ. చుట్ట చుట్టి, విప్పుకుంటూ చెబుతారు. తర్వాత ఏం రావాలో చేతిలోనే ఉంటుంది కాబట్టి మరిచిపోయామన్న భయం ఉండదు. బొమ్మ పిచ్చిగీతలైనా పర్వాలేదు, అది ఏమిటో గీసినవాళ్లకు తెలుసు.

గోరుముద్ద (విజయవాడ)
బుధవారం, మధ్యాహ్నం 2:15

మా బాబు వాళ్ల క్లాసుకు టీచర్ ఏనుగును తీసుకొచ్చిందని, అది వాడి లంచ్‌బాక్స్ తినేసిందని నిన్న ఇంటికొచ్చి చెప్పాడు. ఎంత సీరియస్‌గా చెప్పాడంటే వాళ్ల నాన్న "అబద్ధాలు నేర్చుకుంటున్నాడు" అని కోప్పడ్డారు. వాడు ఏడ్చాడు. ఇది అబద్ధమా, కథా?

మాటల_మూట (హైదరాబాద్)
బుధవారం, రాత్రి 7:30

కథే. దెబ్బ తప్పించుకోవడానికో, వస్తువు దాచడానికో చెప్పేది అబద్ధం. ఏనుగు లంచ్‌బాక్స్ తింటే వాడికి ఒరిగేదేమీ లేదు, చెప్పాలన్న ఉత్సాహం తప్ప. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు ఒకటి చెబుతాను: మొదట్లోనే నవ్వుతూ "నిజం కథా, ఊహ కథా?" అని అడగండి. ఊహ అంటే ఏనుగు ఏం కూర తిన్నదో కూడా అడగొచ్చు. నిజం అంటే ఊ కొట్టి వినండి. రెండు రకాల కథలున్నాయని, రెండూ మంచివేనని తెలిస్తే వాళ్లే విడదీసుకుంటారు. మీ ఆయన వాడి దగ్గర కూర్చుని ఆ ఏనుగు సంగతి మళ్లీ అడిగితే బాగుంటుంది.

సిరిచుక్క (కర్నూలు)
బుధవారం, రాత్రి 9:00

మేం రోజూ బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తాం. అది సరిపోదా? ఫోన్లో కథల వీడియోలు కూడా చూస్తుంది, ఆ డైలాగులు అచ్చం అలాగే చెబుతుంది.

మాటల_మూట (హైదరాబాద్)
బుధవారం, రాత్రి 9:45

చదవడం మంచిదే. ఎలా చదువుతున్నామన్నది ముఖ్యం. అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు మూడేళ్ల లోపు పిల్లల మీద చేసిన అధ్యయనం 1988లో వచ్చింది. రెండు జట్లలోనూ తల్లిదండ్రులు పుస్తకం చదివారు. ఒక జట్టుకు మాత్రం మధ్యమధ్య ఆగి, అవును కాదులతో తేలిపోని ప్రశ్నలు అడగడం, పిల్లలు అన్న మాటను పెంచి తిరిగి అనడం నేర్పారు. నాలుగు వారాలకే ఆ పిల్లలు మాట్లాడటంలో ముందుకెళ్లారు. "ఇది ఏమిటి?" కంటే "ఈ కుందేలు ఎందుకలా చూస్తోంది?" అన్న ప్రశ్నకు ఎక్కువ మాటలు వస్తాయి.

వీడియో డైలాగులు చెప్పడం అనుకరణ. కావాలంటే ఆ వీడియోనే సౌండ్ తీసేసి పెట్టి, ఏం జరుగుతోందో తన మాటల్లో చెప్పమనండి. అప్పుడు ఫోను ఊరుకుంటుంది, పాప మాట్లాడుతుంది.

వేపచెట్టు (రేపల్లె)
బుధవారం, రాత్రి 10:20

చందమామ పాత సంచికలుంటే దీనికి బాగా పనికొస్తాయి. కథ చదవకుండా బొమ్మ ఒక్కటే చూపించండి. ఆరేడేళ్లు వచ్చాక బేతాళుడి పద్ధతి: కథ చెప్పి, చివర తీర్పు మీరు చెప్పకుండా "ఎవరిది తప్పు?" అని అడగడం. వాదించడానికి ఎక్కడలేని మాటలూ వస్తాయి పిల్లలకు.

దూరతీరం (డాలస్)
శనివారం, ఉదయం 9:25

ఇప్పుడే ఫోన్ పెట్టేశాం. జరిగింది రాయకుండా ఉండలేకపోతున్నాను. మా వాడు నాయనమ్మకు పార్కు సంగతి చెబుతూ "స్లైడ్ మీద" అన్నాడు. అమ్మకు అర్థం కాలేదు, "స్లైడా, అదేంట్రా కన్నా?" అంది. వాడు నావైపు చూశాడు. నేను చూపు తిప్పేసుకున్నాను. అప్పుడు వాడే "మెట్లెక్కి, పైన కూర్చుని, ఇలా... కిందకి జర్రుమని వస్తాం నాయనమ్మా" అన్నాడు. అమ్మ "ఓ, జారుడుబల్లా! ఊ, తర్వాత?" అంది. ఆ "ఎక్కి, కూర్చుని" మీరు చెప్పిన గొలుసే కదా మాటల_మూట మేడమ్. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. జారుడుబల్ల అన్న మాట ఇప్పుడు ఇల్లంతా తిరుగుతూ అంటున్నాడు.

పాలపిట్ట (హనుమకొండ)
మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 10:55

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఆలస్యంగా రాస్తున్నాను, ముందు చేసి చూసి రాద్దామని.

మోచేయి సంగతి ఆ మంగళవారమే తేలింది. మాటల_మూట గారు చెప్పినట్టు బస్సు, డ్రైవర్ అంకుల్ అని మొదలుపెట్టాను. "అట్ల కాదమ్మా! బస్సుల కాదు. నేను, సన్నీ ఉరుకుతున్నం. సన్నీ చెప్పు ఊడింది. వాడు ఆగిండు. నేను వాన్ని గుద్దుకొని పడ్డ." ఎవరూ తోయలేదు. ఆ రాత్రి నేను నిశ్చింతగా పడుకున్నాను.

గిన్నె మూతలు రెండు రోజులు బాగా మోగాయి, మూడో రోజు పక్కింటివాళ్లు అడిగారు. చెంచా, స్టీలు గ్లాసుకు మార్చాం. ఐదో రోజు గ్లాసు నా చేతికిచ్చింది.

అసలు చెప్పాలనుకున్నది నిన్నటి సంగతి. రాత్రి కరెంటు పోయింది. వాళ్ల నాన్న, నేను, తాతయ్య వరండాలో కూర్చున్నాం. చీకట్లో మొహాలు కనబడటం లేదు. ఎవరూ అడగలేదు. తనే "అనగనగా" అంది. మేం ముగ్గురం ఊ అన్నాం. గుర్తున్నంతవరకు రాస్తున్నాను:

"అనగనగా ఒక రాజు ఉండెనంట. ఏడుగురు కొడుకులంట. ఏడు చేపలు తెచ్చిన్రంట. ఎండవెట్టిన్రు. ఒక చేప ఎండలె. ఎందుకు ఎండలె? గడ్డి అడ్డమొచ్చింది." ఇక ఆవు, పిల్లాడు, చీమ దాకా అంతా వచ్చింది. అవ్వను మరిచిపోయింది, మరిచి ముందుకే పోయింది, ఆగలేదు. "చీమా చీమా ఎందుకు కుట్టినవ్? నా బంగారు పుట్టల వేలు పెడ్తే కుట్టనా? అప్పుడు పిల్లగాడు సారీ చెప్పిండంట. చీమ కూడా సారీ చెప్పిందంట. పిల్లగాడు ఏడుపు బంద్ చేసిండు. ఆవు గడ్డి మొత్తం తిన్నది. ఎండొచ్చింది. కానీ చేప ఎండలె. ఎందుకంటే అది ఎగిరి చెరువులకు పోయింది. వాళ్లమ్మ దగ్గరికి."

చేప చెరువులోకి పోవడం నేను ఏనాడూ చెప్పలేదు. "అట్ల కాదు" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి ఊ అన్నాను. తాతయ్య మాత్రం "మంచిగ పోయింది" అన్నారు.

కరెంటు వచ్చాక "అంతేనా?" అని వాళ్ల నాన్న అడిగితే "ఇయాల్టికి అంతే" అంది.

తెప్పగట్టు (శ్రీకాకుళం జిల్లా)
ఆదివారం, రాత్రి 11:10

ఆ చివరి ముక్క రాసుకున్నాను. రేపు మా పిల్లలకు ఈ కథ చెప్పొచ్చా? చేప చెరువులోకి పోయే చోట మా వాళ్లు సముద్రం అంటారేమో.

పాలపిట్ట (హనుమకొండ)
సోమవారం, ఉదయం 6:40

పాపను అడిగాను. సముద్రం అయినా పర్వాలేదంట. వాళ్లు ఊ కొడతారా అని అడుగుతోంది.